చెరువు చేపకు జబ్బు చేసినప్పుడు

తెల్లవారుజామున చెరువుకట్ట మీదికి పోయినవారికి చచ్చిన చేపలు తెల్లని పొట్టలతో తేలుచు కనిపించినచో, పొద్దు పొడుచునప్పటికే ఊరంతయు ఒక మాట పాకిపోవును: “ఎవరో మందు కలిపినారు.” ఆ మాటకు ఆధారము ఉండవచ్చును, ఉండకపోవచ్చును. కాని మాట పుట్టిన పిమ్మట అనుమానము ఎవరో ఒకరి ఇంటి మీద వాలును. మత్స్యకారులకును రైతులకును, ఒక వాడకును మరియొక వాడకును నడుమ పగ రగులును. ఏడాది పంట పోవుటయే గాక ఊరి పొత్తు కూడ చెడును. చేపకు వచ్చిన కష్టమును గుర్తుపట్టు విధానము పంచాయతీ సభ్యులకు తెలిసియున్నచో, మొదటి నష్టమును కొంత తగ్గింపవచ్చును. రెండవ నష్టమును పూర్తిగా తప్పింపవచ్చును. ఆ విధానమునే ఈ వ్యాసములో వివరించుచున్నాము.

నిజామాబాదు జిల్లాలోని నందిపేట్ ప్రాంతమునకు నీటి కొరత కంటె నీటి బాధ్యత ఎక్కువ. 1963 జూలై 26వ తేదీన పండిత నెహ్రూ పోచంపాడు వద్ద శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ జలాశయపు నీరు ఈ మండలపు పొలిమేరలను తాకుచున్నది. బోధను వైపున, 1931లో పూర్తియైన నిజాంసాగరు కాలువలు పారుచున్నవి. ఒకప్పుడు చెరకునకు పేరొందిన ఈ సీమలో వరి, పసుపు, మొక్కజొన్న చేల నడుమ చెరువులును కుంటలును అనేకము కలవు. 2016వ సంవత్సరమునుండి తెలంగాణ ప్రభుత్వము చెరువులలో చేపపిల్లలను ఉచితముగా వదలు పథకమును ఆరంభించినది. బొచ్చె, రోహు, మృగాల వంటి చేపలపై గంగపుత్ర, ముదిరాజు కుటుంబములు అనేకము ఆధారపడి జీవించుచున్నవి. 1993లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 73వ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన విషయముల పట్టికలో మత్స్య పరిశ్రమను ఐదవదిగా చేర్చినది. కావున చెరువులోని చేప సంగతి మత్స్యకార సంఘమునకు మాత్రమే చెందినది కాదు. పంచాయతీ కూడ పట్టించుకొనవలసినది.

ఊపిరి కొరతయా, విషమా?

చేపలు మూకుమ్మడిగా చచ్చినప్పుడు మొదట తేల్చుకొనవలసిన ప్రశ్న ఇది. మన చెరువులలో అట్టి చావులకు విషము కంటె ప్రాణవాయువు కొరతయే ఎక్కువసార్లు కారణమగుచుండును.

చేప నీటిలో కరగియున్న ప్రాణవాయువును మొప్పలతో గ్రహించును. లీటరు నీటిలో 5 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉన్నచో చేప సుఖముగా పెరుగును. అది 3 మిల్లీగ్రాములకు తగ్గినచో బాధ మొదలగును. 1 మిల్లీగ్రామునకు లోపుగా కొన్ని గంటలు నిలిచినచో ప్రాణము పోవును. పగటివేళ ఎండలో నాచును, నీటికి పచ్చరంగు నిచ్చు సూక్ష్మమైన మొక్కలును ప్రాణవాయువును విడుచుచుండును. రాత్రివేళ అవియే దానిని పీల్చుకొనును. అందుచేత కొరత తెల్లవారుజామున తీవ్రమగును. నీరు చిక్కని పచ్చగా మారియుండి, ఆకాశము రెండు మూడు దినములు మబ్బుపట్టి యుండినచో ప్రమాదము మరింత హెచ్చు. వేసవి చివర నీరు అడుగంటినప్పుడును, తొలకరి వాన ఊరి మురుగును చెరువులోనికి తోసినప్పుడును, పేడ మితిమీరి వేసినప్పుడును ఇట్లే జరుగును. బెల్లపు గానుగల తీపి మురుగు, పిండి మిల్లుల కడుగు నీరు విషములు కాకపోయినను, అవి కుళ్లునప్పుడు నీటిలోని ప్రాణవాయువును హరించును.

ఊపిరి కొరతకును విషమునకును గల భేదములను కట్టమీద నిలిచియే కనిపెట్టవచ్చును.

ఊపిరి కొరత అయినచో చేపలు వేకువనే నీటిపైకి వచ్చి నోళ్లు తెరచి గుటకలు వేయుచుండును. పెద్ద చేపలు ముందుగా చచ్చును, చిన్నవి మిగులును. పొద్దెక్కిన కొలది బ్రతికియున్నవి తేరుకొని లోనికి పోవును. కొర్రమీను, మార్పు వంటి చేపలకు ఏమియు కాదు.

విషము అయినచో వేళతో నిమిత్తము లేదు. మధ్యాహ్నము కూడ చావులు సాగును. చిన్న, పెద్ద భేదము లేక అన్ని చేపలును చచ్చును. కొన్ని చచ్చుటకు ముందు గిరగిర తిరుగును, ఒడ్డునకు దూకును. కప్పలు, నీటి పురుగులు కూడ చచ్చి కనిపించును. కొర్రమీను సైతము తప్పించుకొనదు.

కొర్రమీను విషయము ఇచట గుర్తుంచుకొనదగినది. 2016లో తెలంగాణ రాష్ట్రపు చేపగా గౌరవము పొందిన ఈ చేపకు మొప్పలకు పైన గాలిని నింపుకొను అర ఒకటి కలదు. అది పైకి వచ్చి గాలి మ్రింగి పోవుచుండును. అంగడిలో ఇంచుక నీరున్న తొట్టిలో అది గంటల తరబడి బ్రతికియుండుటకు కారణ మిదియే. కావున కొర్రమీను పైకి వచ్చి గాలి మ్రింగుట రోగము కాదు. బొచ్చె, రోహు అట్లు చేయుట అపాయ సూచన. చచ్చిన రాశిలో కొర్రమీను ఉన్నదా, లేదా అని చూచుట సగము నిదానమునకు సమానము.

ఊపిరి కొరత అని తోచినచో ఆలస్యము చేయరాదు. కాలువనుండి గాని బోరుబావినుండి గాని కొత్త నీరు వదలవలెను. అది వీలుకానిచో మోటారు పంపుతో చెరువు నీటినే ఎత్తి, గాలిలో చెదరిపడునట్లు తిరిగి చెరువులోనికి చిమ్మవలెను. మేతయు పేడయు వెంటనే ఆపవలెను. చచ్చిన చేపలను ఏరి, చెరువునకు దూరముగా గోతిలో సున్నము చల్లి పూడ్చవలెను. నీటిలో కుళ్లు ప్రతి చేపయు బ్రతికియున్న చేపల ఊపిరిలో పాలు పంచుకొనును.

విషము అని బలముగా తోచినచో పశువులను నీటికి తోలరాదని దండోరా వేయింపవలెను. చచ్చిన చేపలను తినుటకు గాని అమ్ముటకు గాని సమ్మతింపరాదు. శుభ్రమైన సీసాలో అంచువరకు నీరు నింపి మూత బిగించి, తేదీయు వేళయు వ్రాసి దాచవలెను. మత్స్యశాఖకును పోలీసువారికిని వర్తమానము పంపవలెను. ఆ పరీక్ష ముగియువరకు ఎవరి పేరును పంచాయతీలో పలుకకుండుట పెద్దల ధర్మము. పైరులకు మందు కొట్టిన డబ్బాలను ఎవరో తెలియక చెరువులో కడుగుట వలన కూడ ఇట్టి చావులు జరుగును. అన్నిటి వెనుకను పగ ఉండదు.

పుండ్ల తెగులు

వానలు వెనుకబట్టి చలి మొదలైన కాలములో చేపల ఒంటి మీద ఎర్రని మచ్చలు కనిపించి, అవి క్రమముగా లోతైన పుండ్లగును. ఒక్కొక్కప్పుడు కండ ఊడి ఎముక బయటపడును. కొర్రమీనును పరకలును దీనికి ముందుగా లోబడును. మృగాల, రోహు, బొచ్చె తరువాత. ఈ తెగులు 1971లో జపానులో మొదట గుర్తింపబడి, ఆగ్నేయ ఆసియా దేశముల మీదుగా వ్యాపించి, 1988లో మన దేశపు ఈశాన్య రాష్ట్రములకు వచ్చినది. తరువాతి కొలది సంవత్సరములలో దక్షిణమునకును దిగినది. బూజు వంటి ఒక సూక్ష్మజీవి చేప కండలోనికి చొచ్చుకొనిపోవుట దీనికి మూలము. ఇది మనుష్యులకు సోకు తెగులు కాదు. అయినను 1988లో పుండ్లు పడిన చేపలను చూచి జనులు చేపలు తినుటయే మానగా, ఆరోగ్యముగానున్న చేపలకు సైతము గిరాకి పడిపోయినది. కావున పుండ్లుపడిన చేపను అంగడికి పంపరాదు. మంచి చేపను గూర్చి పుకారులు పుట్టనీయరాదు.

తెగులు తగిలిన చెరువునకు ఎకరమునకు సుమారు 80 కిలోల సున్నమును నీటిలో కలిపి, చల్లారిన తరువాత చల్లుట ప్రథమ చికిత్స. నీటి క్షారగుణము ముందే హెచ్చుగా నున్నచో సున్నము హాని చేయును. కావున నీటిని పరీక్షింపజేసి వేయుట మేలు. భువనేశ్వరు సమీపమున కౌసల్యాగంగలో గల కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థవారు ఈ తెగులునకు సిఫాక్స్ అను ద్రావకమును రూపొందించిరి. ఒక హెక్టారు వైశాల్యము, ఒక మీటరు లోతు గల నీటికి ఒక లీటరు చొప్పున దీనిని ఎక్కువ నీటిలో కలిపి చెరువంతట చల్లుదురు.

చేప పేను

చేపలు రాళ్లకు, గుంజలకు ఒళ్లు రాచుకొనుచు, ఊరక ఎగిరిపడుచున్నచో ఒకటి రెండింటిని పట్టి చూడవలెను. పప్పుబద్ద వలె చదునుగా, గుండ్రముగా, పాకులాడుచున్న పురుగులు పొలుసులపై కనిపించినచో అవి చేప పేలు. అవి రక్తము పీల్చును; అవి చేసిన గాయములగుండ ఇతర రోగములు ప్రవేశించును. చేప బరువు పెరుగదు.

ఈ పేనును జయించుటకు దాని అలవాటును ఎరుగవలెను. అది గ్రుడ్లను చేప మీద పెట్టదు. నీటిలోని గట్టి వస్తువుల మీద వరుసలుగా అంటించును. కావున చెరువులో అక్కరలేని కొయ్యలను, కంపను తీసివేసి, వెదురు తడికలను లేక చెక్క పలకలను అక్కడక్కడ వ్రేలాడదీయవలెను. వారమునకు ఒకసారి వానిని పైకి తీసి ఎండలో బాగుగా ఆరబెట్టినచో గ్రుడ్లు చచ్చును. ఖర్చులేని ఈ పనిని విడువక చేసినచో పేను సంతతి తగ్గిపోవును. పేను మందులు పురుగుమందుల జాతివి. మోతాదు ఇంచుక తప్పినను చేపకును, నీరు త్రాగు పశువునకును ముప్పు. వానిని మత్స్యశాఖ అధికారి సమక్షముననే వాడవలెను.

తోక కుళ్లు, పొట్ట ఉబ్బు

రెక్కల అంచులు, తోక చివర తెల్లబడి, చీలికలై, క్రమముగా అరిగిపోవుట తోక కుళ్లు. పొట్ట నీరు పట్టి ఉబ్బి, పొలుసులు నిక్కబొడుచుకొనుట పొట్ట ఉబ్బు రోగము. ఈ రెండును బాక్టీరియా అను సూక్ష్మజీవుల వలన కలుగును. ఆ సూక్ష్మజీవులు మంచి చెరువులోను ఉండును. నీరు చెడి, చేపలు కిక్కిరిసి, బలము తగ్గినప్పుడు మాత్రమే అవి పైచేయి పొందును. తోక కుళ్లు మొదటి దశలో నున్న చేపను లీటరునకు 5 మిల్లీగ్రాముల పొటాషియం పర్మాంగనేటు కలిపిన నీటిలో రెండు నిమిషములు ముంచి వదలుట ఆచారములో నున్నది. పొలుసులు నిక్కిన చేప కోలుకొనుట అరుదు. దానిని తీసి పూడ్చుటయే మిగిలిన వానికి మేలు.

ఇచట ఒక లెక్కను మన పాఠకులు గమనింపవలెను. ఐదెకరముల చెరువు సుమారు రెండు హెక్టారులు. సగటు లోతు ఒకటిన్నర మీటరు అయినచో, అందలి నీరు మూడు హెక్టారు-మీటరులు, అనగా 30,000 ఘనపు మీటరులు. సిఫాక్స్ అయినచో దీనికి మూడు లీటరులు చాలును. కాని పొటాషియం పర్మాంగనేటును ఘనపు మీటరునకు 2 గ్రాముల చొప్పున వేయవలెనన్నను 60 కిలోలు కావలెను. చెరువంతటికిని మందు వేయుట ఎంత భారమో దీనిని బట్టి తెలియును. తొట్టెలోని చేపకు మందు పనిచేయును; చెరువులోని చేపకు మంచి నీరే మందు. కావున పిల్లలను వదలునాడే జాగ్రత్త పడవలెను. లీటరు నీటికి 20 నుండి 30 గ్రాముల ఉప్పు కలిపిన తొట్టెలో వానిని ఒకటి రెండు నిమిషములు ముంచి, బలహీనమైన వానిని వేరుపరచి, తక్కిన వానిని వదలవలెను.

క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అను మందులు మనుష్యులు తిను చేపలకు నిషిద్ధములు. ఎవరైనను వానిని సిఫారసు చేసినచో పంచాయతీ అంగీకరింపరాదు.

ఇంటి గాజుతొట్టిలోని చేప

ఇటీవల పల్లెలలోను పిల్లలు చిన్న గాజుపాత్రలలో రంగుల చేపలను పెంచుట చూచుచున్నాము. అందు ముఖ్యమైనది సయాము దేశపు పోట్లాట చేప, బెట్టా. రెండు మగ చేపలను ఒక పాత్రలో నుంచినచో ఒకటి చచ్చువరకు పోరాడును. ఇదియు కొర్రమీను వలెనే పైకి వచ్చి గాలి మ్రింగు చేప. అందుచేత ఎంత మురికి నీటిలోనైనను బ్రతుకునని అంగడివారు చెప్పుదురు. గాలి మ్రింగగలిగినంత మాత్రమున తన మలము వలన పుట్టు అమ్మోనియా విషమును అది తట్టుకొనజాలదు. దాని జబ్బులలో అధికభాగము ఇరుకు పాత్రవలనను, మారని నీటివలనను వచ్చునవే.

పాత్రలో పది లీటరుల నీరైనను ఉండవలెను. వారమునకు ఒకసారి నాలుగవ వంతు నీరు మార్చవలెను. కుళాయి నీటిలో క్లోరిను ఉండును; అది మనకు రక్ష, చేప మొప్పలకు మంట. ఆ నీటిని వెడల్పు పాత్రలో ఒక దినము నిలువయుంచి పోయవలెను. మన జిల్లాలో చలికాలపు రాత్రులు ఈ ఉష్ణదేశపు చేపకు గిట్టవు. కిటికీకి దూరముగా, వెచ్చని చోట ఉంచవలెను. 25 నుండి 28 డిగ్రీల వెచ్చదనము దానికి అనువైనది.

ఒంటిపై ఉప్పు చల్లినట్లు తెల్లని చుక్కలు కనిపించినచో అది పరాన్నజీవి పని. చర్మములో దాగియున్నంతవరకు దానికి మందు తగులదు. అది రాలి నీటిలో పిల్లలు చేసినప్పుడే చచ్చును. చుక్కలు పోగానే మందు ఆపువారు మోసపోవుటకు కారణ మిదియే. రెండు వారములు సాగింపవలెను. లీటరునకు ఒకటి రెండు గ్రాముల ఉప్పు సాధారణముగా చాలును. నీరు ఆవిరియైనను ఉప్పు పోదు గనుక, మార్చిన నీటికి తగినంతయే మరల కలుపవలెను. రెక్కలు చిరిగినట్లు అరుగుచున్నచో రోజు విడిచి రోజు కొంత నీరు మార్చుటయే ముఖ్య చికిత్స. పొట్ట ఉబ్బి, ఒక ప్రక్కకు ఒరిగి ఈదుచున్నను, పొలుసులు నిక్కనిచో మితిమీరిన మేత కారణము కావచ్చును; రెండు మూడు దినములు పస్తుంచిన కుదురును. మాలకైట్ గ్రీన్ వంటి రంగు మందులు అలంకారపు చేపలకు అమ్మబడుచున్నను, వానిని తిను చేపల చెరువులో ఎన్నడును వేయరాదు.

విసుగుపుట్టిన పెంపుడు చేపను పిల్లలు చెరువులో విడుచుట పుణ్యమని తలచుచుందురు. అది హాని. దక్షిణ అమెరికానుండి అలంకారపు చేపగా వచ్చిన గట్టి డొప్పల చేప, మనవారు దయ్యపు చేప అనునది, ఇట్లే తొట్టెలనుండి బయటపడి తెలుగు నాటి నదులలోను చెరువులలోను వ్యాపించినది. అది వలలను చింపును, గట్లలో బొరియలు చేయును, తినుటకు గిరాకి లేదు. ఈ సంగతిని పాఠశాలలో పిల్లలకు చెప్పించుట పంచాయతీకి ఖర్చులేని పని.

పంచాయతీ చేయదగిన పనులు

చెరువునకు ఒక పుస్తకము పెట్టవలెను. ఎన్ని పిల్లలను ఏనాడు వదలినది, ఏనాడు నీటి రంగు మారినది, ఏనాడు ఎన్ని చేపలు చచ్చినది అందు వ్రాయవలెను. రోగమును గుర్తించువారికి ఈ పుస్తకము సగము పని చేసిపెట్టును.

పరీక్షకు పంపదలచినచో కుళ్లిన చేప పనికిరాదు. జబ్బుపడియు బ్రతికియున్న చేపను అదే చెరువు నీటిలో గాని, అప్పుడే చచ్చిన దానిని మంచుగడ్డల నడుమ గాని జిల్లా మత్స్యశాఖ కార్యాలయమునకు చేర్పవలెను. చేపల వ్యాధులను తెలుపుటకై కేంద్ర ప్రభుత్వము 2023లో రిపోర్ట్ ఫిష్ డిసీజ్ అను ఫోను సాధనమును ప్రవేశపెట్టినది. చదువుకొన్న యువకులచేత దానిద్వారా వార్త పంపించవచ్చును.

మందు డబ్బాలను చెరువులో కడుగరాదనియు, ఊరి మురుగును నేరుగా చెరువులోనికి త్రిప్పరాదనియు తీర్మానించి అమలు జరుపవలెను. జబ్బు తగిలిన చెరువున వాడిన వలను ఎండలో బాగుగా ఆరవేయక మరియొక చెరువున వేయరాదు. మోటారు పంపు ఒకటి వేకువన అందుబాటులో ఉండునట్లు ముందే ఏర్పాటు చేసికొనవలెను. చేపలు గుటకలు వేయునప్పుడు వెదకబోయిన పంపు మధ్యాహ్నమునకు గాని దొరకదు.

అన్నిటికంటె ముఖ్యమైనది, చేపలు చచ్చిన ఉదయమున సర్పంచియు, మత్స్యకార సంఘపు అధ్యక్షుడును, ఇద్దరు రైతులును కలిసి కట్టమీద నడచుట. వేళ ఏది, చచ్చినవి పెద్దవా చిన్నవా, కప్పలు ఉన్నవా, కొర్రమీను ఉన్నదా అని నలుగురును కలిసి చూచి వ్రాసికొన్నచో, నింద కంటె ముందుగా నిజము ఊరిలోనికి ప్రవేశించును. పోయిన చేపలకు బదులు మరుసటి వానలకు పిల్లలను వదలుకొనవచ్చును. పోయిన నమ్మకమును తిరిగి సంపాదించుటకు అంతకంటె ఎక్కువ కాలము పట్టును.